పికప్ మార్చడం మొదటి పని కాదు

ఎలక్ట్రిక్ గిటార్ కొత్తగా కొన్నవాళ్ల చెవిన మొదట పడే సలహా ఇది: "బాడీ, నెక్ బాగానే ఉన్నాయి. పికప్‌లు మాత్రం మార్చెయ్." పికప్ అంటే స్ట్రింగ్స్ కింద ఉండి, వాటి కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, దాని చుట్టూ తీగ చుట్ట (కాయిల్). గిటార్ ధరలో సగం పెట్టి పికప్‌ల సెట్ కొనమని చెప్పే ఈ మాట ఎక్కడ చూసినా వినపడుతోంది. చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మార్చాక వాళ్ల గిటార్ నిజంగానే బాగా పలికింది. ఆ బాగంతా పికప్ వల్లే వచ్చిందా అన్నదే నా సందేహం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పికప్ మార్చడం ఆఖరున చేయాల్సిన పని. దానికి ముందు చేసి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. అవన్నీ చేశాక కూడా మార్చక తప్పదనిపిస్తే మార్చాలి. అప్పుడు కూడా పెట్టె మీది కిలో-ఓమ్‌ల అంకె (కాయిల్ తీగ నిరోధం) చూసి కొనకూడదు.

మారింది పికప్ ఒక్కటేనా?

స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్‌లో పికప్ మార్చాలంటే పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించి ఉన్న ముందు పలక) లేపాలి. స్ట్రింగ్స్ ఉండగా అది కష్టం, అందుకని తీసేస్తారు. తీసిన పాత స్ట్రింగ్స్ మళ్లీ ఎక్కించేవాళ్లు ఉండరు, కొత్త సెట్ వేస్తారు. నెలల తరబడి చెమట పట్టిన స్ట్రింగ్స్‌లో పై హార్మోనిక్స్ ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో అయితే ఇంకా తొందరగా పోతాయి. కొత్త సెట్ వేయగానే గిటార్ తళతళలాడుతుంది. ఆ తళుకు మొత్తం కొత్త పికప్ ఖాతాలో పడిపోతుంది.

రెండోది ఎత్తు. పాత పికప్ ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండిపోయింది. కొత్తదాన్ని మాత్రం బిగించేటప్పుడు స్ట్రింగ్స్‌కు ఎంత దూరంలో ఉండాలో చూసి మరీ బిగించారు. మూడోది వాల్యూమ్, టోన్ పాట్లు, అంటే నాబ్‌ల కింద ఉండే, నిరోధం మార్చే భాగాలు. పని చేసేవాళ్లు చాలాసార్లు "ఎలాగూ విప్పాం కదా" అని వాటినీ మార్చేస్తారు. నాలుగోది శబ్దం స్థాయి. ఒకే పలుకు కాస్త గట్టిగా వినిపిస్తే చాలు, చెవికి అదే మేలైనదిగా తోస్తుంది. ఎవరి చెవి అయినా అంతే.

అంటే ఒకేసారి అయిదు మార్పులు జరిగాయి, పేరు ఒక్కదానికే వచ్చింది. పోలిక న్యాయంగా ఉండాలంటే చేయాల్సింది వేరు. కొత్త స్ట్రింగ్స్ రెండు మూడు రోజుల ముందే వేయాలి. పాత పికప్ ఎత్తు సరిచేయాలి. ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) లోకి నేరుగా, ఎఫెక్ట్ ఏదీ లేకుండా, గెయిన్ నాబ్ ఎక్కడుందో గుర్తు పెట్టుకుని నాలుగు బార్లు రికార్డు చేయాలి. రింగ్‌లో బిగించిన హంబకర్ (హమ్ రద్దయ్యేలా రెండు కాయిల్స్ కలిపిన పికప్) అయితే స్ట్రింగ్స్ తీయనవసరం లేదు. మొదటి ఫ్రెట్ దగ్గర కేపో (స్ట్రింగ్స్‌ను నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, స్ట్రింగ్స్ వదులు చేసి, పక్కకు జరిపితే పికప్ బయటికి వస్తుంది. కొత్తది పెట్టాక అవే స్ట్రింగ్స్‌తో, అవే బార్లు వాయించి, రెండు రికార్డింగుల స్థాయి సమానం చేసి వినాలి. తేడా వినపడదని అనడం లేదు. తప్పక వినపడుతుంది. కాని అనుకున్నంత ఉండదు, అనుకున్న దిక్కులోనూ ఉండకపోవచ్చు.

కిలో-ఓమ్ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

"ఇది 16 కె, అది 8 కె. కాబట్టి ఇది రెండింతలు హాట్." హాట్ అంటే బలమైన సిగ్నల్ ఇచ్చేదని. ఈ లెక్క ఎంత పాతుకుపోయిందంటే, అమ్మేవాళ్లు కూడా పికప్ పేరు పక్కన ముందు ఆ అంకే రాస్తున్నారు.

మల్టీమీటర్ చూపించేది కాయిల్‌లోని రాగి తీగ నిరోధం. తల వెంట్రుకంత సన్నని తీగ అది. 42 గేజ్ అయితే వ్యాసం సుమారు 0.063 మిల్లీమీటర్లు, 43 గేజ్ అయితే సుమారు 0.056. అన్నే చుట్లు 43 గేజ్‌తో చుడితే నిరోధం నాలుగో వంతు పెరుగుతుంది. శబ్దం మాత్రం పెరగదు. దీనికి టెలికాస్టర్ కంటే మంచి ఉదాహరణ లేదు. దాని నెక్ పికప్ 43 గేజ్‌తో చుట్టిన చిన్న కాయిల్, బ్రిడ్జ్ పికప్ 42 గేజ్‌తో చుట్టిన పెద్ద కాయిల్. మీటర్ పెడితే రెండూ 7 కిలో-ఓమ్‌ల చుట్టుపక్కలే చూపిస్తాయి, నెక్‌ది ఒక్కోసారి ఎక్కువే ఉంటుంది. వాయిస్తే కండ ఎవరికుందో ఒక్క స్ట్రమ్‌తో తెలిసిపోతుంది.

పైగా ఆ అంకె ఎండకు కూడా మారుతుంది. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల గదిలో 8.0 అని రాసిన పికప్‌ను మే నెల విజయవాడలో 40 డిగ్రీల గదిలో కొలిస్తే 8.6 వస్తుంది. పాత పికప్‌ను ఏప్రిల్ మధ్యాహ్నం ఇంట్లో కొలిచి, కొత్తదాని పెట్టె మీద అంకెతో పోల్చి "కొత్తది తక్కువ చుట్టారు" అనుకుంటే ఆ పోలికకు అర్థం లేదు.

అందరూ వెంటపడే పాత గిబ్సన్ హంబకర్లనే చూడండి. గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1959లో అది మంజూరైంది. మధ్యలో 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో వాటిని పెట్టారు. ఆ రోజుల్లో చుట్లు ఖచ్చితంగా లెక్కపెట్టి ఆపలేదు. అందుకే ఒకే ఏడాది తయారైనవి కూడా 7 నుంచి 9 కిలో-ఓమ్‌ల దాకా ఎలా పడితే అలా ఉంటాయి. వాటి పలుకును ఒక్క అంకెలో బంధించాలని చూడటం వృథా.

మరి ఏ అంకె చూడాలి? ఇండక్టెన్స్, అంటే హెన్రీల్లో చెప్పేది. పికప్ ఇండక్టెన్స్, దానికి కలిసే కేబుల్ కెపాసిటెన్స్, ఈ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శిఖరం తెస్తాయి. దాని పైన ఉన్న ట్రెబుల్ జారిపోతుంది. ఆ శిఖరం ఎక్కడ ఉందన్నదే చెవికి "పలుకు"గా వినపడే దానిలో పెద్ద వాటా.

లెక్క వేసి చూద్దాం. కేబుల్ 500 పికోఫారడ్‌లు, పికప్ లోపల మరో 100 అనుకుందాం. పాత తరహా స్ట్రాట్ పికప్ సుమారు 2.4 హెన్రీలు, దాని శిఖరం 4.2 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. పాత తరహా హంబకర్ సుమారు 4.4 హెన్రీలు, శిఖరం 3.1 దగ్గర. బాగా ఎక్కువ చుట్టిన హంబకర్ 8 హెన్రీలు, శిఖరం 2.3 దగ్గరికి దిగిపోతుంది. "హాట్ పికప్ పెట్టాక క్లీన్ టోన్ దుప్పటి కప్పినట్టు అయిపోయింది" అని ఎందుకంటారో ఈ మూడు అంకెలే చెబుతాయి.

ఇదే లెక్క కేబుల్‌కూ వర్తిస్తుంది. సాధారణ కేబుల్ మీటరుకు 100 పికోఫారడ్‌ల చొప్పున వేసుకుంటే, అదే స్ట్రాట్ పికప్‌కు మూడు మీటర్ల కేబుల్‌తో శిఖరం 5.1 కిలోహెర్ట్జ్ దగ్గర, ఆరు మీటర్ల కేబుల్‌తో 3.9 దగ్గర వస్తుంది. పికప్ మారలేదు, కేబుల్ పొడవు మాత్రమే మారింది.

ఇండక్టెన్స్ కొలవాలంటే ఎల్‌సీఆర్ మీటర్ కావాలి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర కాకుండా 100 లేదా 120 హెర్ట్జ్ దగ్గర కొలవాలి. లేకపోతే లోపలి ఉక్కు ముక్కల వల్ల అంకె తక్కువ చూపిస్తుంది. కొందరు తయారీదారులు ఈ అంకె ఇస్తారు. ఇవ్వనివాళ్ల దగ్గర కొనేటప్పుడు కనీసం తీగ గేజ్, అయస్కాంతం రకం అడగండి. ఆ రెండూ తెలిస్తేనే కిలో-ఓమ్‌కు కాస్త అర్థం వస్తుంది.

"హాట్" ఎందుకు పుట్టింది

ఎక్కువ చుట్లతో బలమైన సిగ్నల్ ఇచ్చే పికప్‌లకు ఒక చరిత్ర ఉంది. 1972లో డిమార్జియో కంపెనీ సూపర్ డిస్టార్షన్ పికప్ వచ్చేనాటికి చాలా ఆంప్లిఫయర్లలో విడిగా గెయిన్ నాబ్ లేదు. డిస్టార్షన్ కావాలంటే ఆంప్ ముందు భాగాన్ని గట్టిగా తొయ్యాలి. ఆ తోపు పికప్ నుంచే రావాలి. అప్పటి అవసరానికి అది సరైన జవాబు.

ఇప్పుడు మనలో ఎక్కువమంది వాయించేది మల్టీ-ఎఫెక్ట్ ప్రాసెసర్‌లోకి, లేదా ఇంటర్‌ఫేస్ ద్వారా లాప్‌టాప్‌లోని ఆంప్ సాఫ్ట్‌వేర్‌లోకి. గెయిన్ అక్కడ కావలసినంత ఉంది. దాన్ని పికప్ నుంచి తేవడానికి ట్రెబుల్‌ను బలి ఇవ్వనవసరం లేదు. పైగా హాట్ పికప్ చవక ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్‌ను దాటిపోయి, గెయిన్ సున్నాకు తిప్పినా ఎర్ర లైటు వెలుగుతూనే ఉండొచ్చు. మెటల్ సంగీతం వాయించేవాళ్లు కొందరు ఈ మాట ఒప్పుకోరు. బేస్ బిగుతుగా, మిడ్ ముందుకు రావడం వాళ్లకు కావాలి, హాట్ పికప్ అది ఇస్తుంది. ఆ కారణంతో కొంటే నాకు అభ్యంతరం లేదు. "ఎక్కువ కాబట్టి మంచిది" అని కొనడం మీదే అభ్యంతరం.

కొనే ముందు చేసి చూడాల్సినవి

ముందు ఎత్తు. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి పట్టి, పోల్ పీస్ (పికప్‌లో ఒక్కో స్ట్రింగ్ కింద ఉండే లోహపు కడ్డీ) పైనుంచి స్ట్రింగ్ కింది అంచు దాకా కొలవాలి. స్టీల్ స్కేల్ అయస్కాంతానికి అతుక్కుని తప్పు చూపిస్తుంది, ప్లాస్టిక్ స్కేల్ వాడండి. మామూలు స్ట్రాట్ పికప్‌కు ఆరో స్ట్రింగ్ వైపు 2 మిల్లీమీటర్లు, ఒకటో స్ట్రింగ్ వైపు 1.6 మిల్లీమీటర్లు మొదలుపెట్టడానికి బాగుంటుంది. హంబకర్‌కు బ్రిడ్జ్ దగ్గర 1.6, నెక్ దగ్గర 2.4. అక్కడినుంచి స్క్రూ పావు చుట్టు చొప్పున తిప్పుతూ వినాలి. కుడి వైపు తిప్పితే పికప్ పైకి వస్తుంది.

చవక గిటార్లలో తరచు కనిపించేది నెక్ పికప్ మరీ పైకి ఉండటం. నెక్ దగ్గర స్ట్రింగ్ ఊగే వెడల్పే ఎక్కువ, కాబట్టి అక్కడ సిగ్నల్ ఎలాగూ బలంగా ఉంటుంది. బ్రిడ్జ్‌లోనూ నెక్‌లోనూ ఒకే పికప్ పెట్టేసిన గిటార్లలో ఈ అసమానత మరీ ఎక్కువ. నెక్ పికప్‌ను ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్లు దించితే "బురద" అని తిట్టుకున్నదే తేటగా పలకడం మొదలుపెడుతుంది. ఇంకో సంగతి. ఆల్నికో అయస్కాంతపు కడ్డీలున్న సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉన్న పికప్) మరీ దగ్గరైతే అయస్కాంతమే స్ట్రింగ్‌ను లాగుతుంది. ఆరో స్ట్రింగ్ 12వ ఫ్రెట్ పైన వాయిస్తే ఒకే స్వరం రెండుగా, వణుకుతున్నట్టు వినపడుతుంది. ఇంటోనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిపోవడం) ఎంత సరిచేసినా కుదరదు, ట్యూనర్ సూది నిలవదు. బ్రిడ్జ్ పాడైందని అనుకునే సందర్భాల్లో కొన్ని నిజానికి ఇవే.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: పికప్‌ను నేరుగా జాక్‌కు కలిపి వినడం. పికప్ హాట్ వైరును (ఇక్కడ హాట్ అంటే సిగ్నల్ మోసేది) స్విచ్ దగ్గర విప్పి, మొసలి క్లిప్పులున్న వైరుతో జాక్ హాట్‌కు కలపాలి. జాక్ దగ్గర వాల్యూమ్ పాట్ నుంచి వచ్చే వైరు కూడా విప్పి ఉండాలి, లేకపోతే పాట్ భారం అలాగే ఉంటుంది. గ్రౌండ్ మాత్రం ఉన్నచోటే ఉంచండి. ఇప్పుడు వాయించండి. ఆ పికప్ ఇవ్వగల పూర్తి ట్రెబుల్ ఇదే. 250 కె వాల్యూమ్, 250 కె టోన్ రెండూ పది మీద ఉన్నా కలిపి 125 కె భారం పడుతుంది. హంబకర్ మీద ఆ భారం బాగా తెలుస్తుంది. నేరుగా కలిపినప్పుడు తేటగా ఉండి, పాట్ల ద్వారా మందంగా ఉంటే తప్పు పికప్‌ది కాదు, 500 కె పాట్లు వేస్తే సరిపోతుంది. నేరుగా కలిపినా మందంగానే ఉంటే, అప్పుడు పికప్ మార్చే ఆలోచన సబబు.

పాట్ కొనేటప్పుడు మీటర్ పట్టుకెళ్లండి. 20 శాతం అటూ ఇటూ మామూలే, 500 అని రాసినది 400 కావచ్చు, 600 కావచ్చు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి చోట ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో 500కు బదులు 470 కె ఇస్తే నిస్సందేహంగా తీసుకోండి, చెవికి తేడా తెలియదు. అయితే మూడు విషయాలు చూడాలి. వాల్యూమ్‌కు ఎ అక్షరం ఉన్న ఆడియో రకం కావాలి. బి అంటే లీనియర్. గిటార్ రంధ్రం సుమారు 8 మిల్లీమీటర్లదైతే, 9.5 మిల్లీమీటర్ల మెడ ఉన్న అమెరికన్ సైజు పాట్ దూరదు, చెక్క తొలవాలి. షాఫ్ట్ పళ్లు అమెరికన్ వాటికి 24, మెట్రిక్ వాటికి 18. పాత నాబ్‌ను బలంగా నొక్కితే చీలిపోతుంది.

మూడోది, "లావుగా" పలకాలని కోరుకునేవాళ్లకు. స్ట్రాట్‌లో హాట్ సింగిల్ కాయిల్ పెట్టాలన్న ఆలోచన ఉంటే ముందు 471 అని రాసి ఉన్న ఒక సిరామిక్ కెపాసిటర్ కొనండి. అది 470 పికోఫారడ్‌లు, ఒకటి రెండు రూపాయల వస్తువు. జాక్‌లో హాట్‌కు, గ్రౌండ్‌కు మధ్య కలపండి. పైన చెప్పిన లెక్కలో శిఖరం 4.2 నుంచి 3.1 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది, అంటే హంబకర్ ఉన్న చోటికి. సిగ్నల్ బలం పెరగదు, కాబట్టి ఇది పూర్తి నమూనా కాదు. కాని ఆ దిక్కుగా పోవాలా వద్దా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. నచ్చితే దాన్ని అక్కడే సోల్డర్ చేసి ఉంచుకోవచ్చు.

హంబకర్ మరీ మందంగా ఉందనుకునేవాళ్లకు దీనికి తిరగబడి ఉపాయం ఉంది. నాలుగు వైర్ల పికప్ అయితే రెండు కాయిల్స్‌ను సిరీస్‌లో కాకుండా పారలల్‌లో కలపండి. ఇండక్టెన్స్ సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది, శబ్దం తగ్గుతుంది, ట్రెబుల్ విచ్చుకుంటుంది. ఒక కాయిల్‌ను ఆపేసే కాయిల్ స్ప్లిట్‌లా కాకుండా హమ్ రద్దు కూడా అలాగే ఉంటుంది. దీనికంత ప్రచారం ఎందుకు రాలేదో నాకు ఆశ్చర్యమే.

అయితే ఎప్పుడు మార్చాలి?

ఇంత చెప్పాక కూడా మార్చక తప్పని సందర్భాలు ఉన్నాయి. మీటర్ ఓపెన్ అని చూపిస్తే కాయిల్ తెగినట్టే. సింగిల్ కాయిల్ హమ్ భరించలేనివాళ్లకు ఎత్తు మార్చినా, పాట్లు మార్చినా లాభం లేదు. ఒకదాని మీద ఒకటి రెండు కాయిల్స్ పేర్చిన నాయిస్‌లెస్ రకమో, అదే సైజు హంబకరో కావాలి. హంబకర్ స్ట్రింగ్‌ను రెండు చోట్ల వింటుంది, అందువల్ల కొన్ని హార్మోనిక్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ గుణం ఏ కెపాసిటర్‌తోనూ రాదు, ఏ పాట్‌తోనూ పోదు. స్ట్రాట్ యజమానికి హంబకర్ పలుకే కావాలంటే హంబకరే పెట్టాలి. నా వాదన అక్కడితో ఆగిపోతుంది.

చవక స్ట్రాట్ తరహా గిటార్లలో మరో రకం ఉంటుంది. అయస్కాంతపు కడ్డీలకు బదులు ఉక్కు పోల్స్ పెట్టి, అడుగున సిరామిక్ పలక అంటిస్తారు. కిలో-ఓమ్ మామూలు స్ట్రాట్ లాగే కనిపిస్తుంది, ఉక్కు వల్ల ఇండక్టెన్స్ మాత్రం పెరుగుతుంది. డిస్టార్షన్‌లో ఇవి బాగానే పనికొస్తాయి. తేటైన క్లీన్ కావాలంటే మార్చడం న్యాయమే.

గమకాలు వాయించేవాళ్ల అవసరం వేరు. స్ట్రింగ్‌ను పక్కకు బాగా లాగినప్పుడు అది పోల్ పీస్ మీదినుంచి జరిగి రెండు పోల్స్ మధ్యకు వస్తుంది. కొన్ని సింగిల్ కాయిల్స్‌లో అక్కడ శబ్దం చప్పబడుతుంది. ఒక స్వరం మీదినుంచి ఇంకో స్వరానికి లాగి అక్కడ నిలవాల్సిన చోట ఇది పెద్ద లోపం. పోల్స్‌కు బదులు పొడవాటి బ్లేడ్ ఉన్న పికప్ అయితే అడ్డంగా ఎక్కడ ఉన్నా ఒకేలా వింటుంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం ఎంత నిండుగా పలకగలదో చూపించాక, మన దగ్గర గిటార్ మీద రాగం పలికించాలనుకునేవాళ్లు తక్కువేమీ లేరు. వాళ్లు పికప్ ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

కీచుమనే పికప్ సంగతి వేరు. గెయిన్ పెంచి, అరచేత్తో స్ట్రింగ్స్ అన్నీ మూసి పట్టండి. అయినా కీచు ఆగకపోతే కాయిల్ చుట్లు వదులై మైక్రోఫోన్‌లా వింటున్నట్టు. పెన్ను ప్లాస్టిక్ కొనతో బాబిన్ (తీగ చుట్టిన అచ్చు) మీద తడితే స్పీకర్‌లో టకటక గట్టిగా వినపడుతుంది. దీనికి మైనం పట్టించడం మందు. పారఫిన్ నాలుగు పాళ్లు, తేనె మైనం ఒక పాలు, 60 నుంచి 65 డిగ్రీల మధ్య వేడి. గిన్నెలో నీళ్లు పోసి, దానిలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి, మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. బుడగలు ఆగేదాకా, పది పదిహేను నిమిషాలు ముంచి ఉంచాలి. వేడి ఎక్కువైతే ప్లాస్టిక్ బాబిన్ వంగిపోతుంది, ఇక దాన్ని బాగుచేయలేం. అంతకంటే ముందు స్ప్రింగులు వదులుగా ఉన్నాయేమో, లోహపు కవర్ కదులుతోందేమో చూడండి. కీచు అక్కడినుంచీ రావచ్చు.

రిపేరు పని చేసేవాళ్ల నుంచి నా వాదనకు ఒక గట్టి జవాబు వస్తుంది. "గంటలకొద్దీ ఎత్తులు, పాట్లు పరీక్షించే ఓపిక కస్టమర్‌కు లేదు, కూలీ లెక్క వేస్తే కొత్త సెట్ పెట్టడమే చవక." డబ్బు తీసుకుని చేసేచోట ఈ మాట కాదనలేను. సొంత గిటార్‌ను సొంతంగా చూసుకునేవాళ్లకు మాత్రం ఆ గంటలు ఖర్చు కింద రావు. పికప్ ఏం చేస్తుందో చేత్తో తెలుసుకునే దారి అదొక్కటే.

మార్చేటప్పుడు తప్పులు జరిగే చోట్లు

కొనక ముందే కొలతలు తీసుకోండి. హంబకర్‌లో ఒకటో పోల్ మధ్య నుంచి ఆరో పోల్ మధ్య దాకా మామూలుగా 49 మిల్లీమీటర్లు, ఫెండర్ తరహా బ్రిడ్జ్‌ల కోసం చేసినవి 51 నుంచి 53. పికప్ కాళ్ల పొడవు కూడా చూడాలి. పొడవు కాళ్లవి లోతు తక్కువ కావిటీలో (పికప్ కూర్చునే గుంటలో) అడుగు తగిలి, ఎంత తిప్పినా కిందికి దిగవు. నాయిస్‌లెస్ సింగిల్ కాయిల్స్ కూడా మామూలు వాటికంటే లోతుగా ఉంటాయి. ఒక యాక్టివ్ (బ్యాటరీతో నడిచేది), ఒక పాసివ్ (బ్యాటరీ లేనిది) కలిపి పెట్టే ఆలోచన మానుకోండి. ఒకదానికి 25 కె పాట్, ఇంకోదానికి 250 లేదా 500 కావాలి, ఎవరికో ఒకరికి నష్టం తప్పదు.

వైర్ల రంగుల దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. సేమూర్ డంకన్ కంపెనీ పికప్‌లలో నలుపు హాట్, ఎరుపు తెలుపు కలిపి విడిగా ఉంచాలి, ఆకుపచ్చతో పాటు తొడుగు లేని వైరు గ్రౌండ్‌కు. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు తెలుపు కలిపి విడిగా, ఆకుపచ్చ, తొడుగు లేనిది గ్రౌండ్‌కు. డిమార్జియో పికప్‌ను డంకన్ బొమ్మ చూసి కలిపితే ఏమవుతుంది? ఒక కాయిల్ తిరగబడుతుంది. మీటర్ మీద నిరోధం సరిగ్గానే ఉంటుంది, శబ్దమూ వస్తుంది, కాని పలచగా, ముక్కుతో పాడినట్టు ఉంటుంది. హంబకర్ అయ్యుండీ హమ్ చేస్తుంది. "కొత్త పికప్ బాగోలేదు" అని తిరిగి అమ్మేసేవాటిలో కొన్ని ఇలాంటివే అయినా నేను ఆశ్చర్యపోను. పైన చెప్పిన పారలల్ కనెక్షన్‌కు డంకన్‌లో నలుపు, ఎరుపు హాట్‌కు. తెలుపు, ఆకుపచ్చ గ్రౌండ్‌కు. డిమార్జియోలో ఎరుపు, తెలుపు హాట్‌కు. నలుపు, ఆకుపచ్చ గ్రౌండ్‌కు. తొడుగు లేని వైరు ఎప్పుడూ గ్రౌండ్‌కే.

రెండు పికప్‌లు వేర్వేరు కంపెనీలవైతే అవి ఒకదానికొకటి ఎదురు తిరిగాయేమో బిగించక ముందే చూడొచ్చు. మీటర్‌ను 20 కె మీద పెట్టి, పికప్ వైర్లకు తగిలించి, స్క్రూడ్రైవర్‌ను పోల్స్ మీద ఆనించి టక్కున లాగండి. అంకె ఒక్క క్షణం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. రెండో పికప్‌కూ అదే చేయండి. ఒకటి పెరిగి ఒకటి తగ్గితే, రెండూ కలిపి వాయించినప్పుడు పలచబడతాయి. ఒకదాని హాట్, గ్రౌండ్ తారుమారు చేయాలి. ఒకే షీల్డ్ వైరు ఉన్న పికప్‌లో కవర్ గ్రౌండ్‌కే కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని తారుమారు చేయకండి, రెండోదాన్ని చేయండి.

సోల్డరింగ్‌లో అసలు కష్టం పాట్ వీపు మీద. అక్కడి లోహం వేడి లాగేస్తుంది. 25 వాట్ల సన్నమొన ఐరన్‌తో అరనిమిషం పట్టుకుంటే పైన సోల్డర్ అతకదు, లోపల పాట్ ట్రాక్ మాడుతుంది. 40 నుంచి 60 వాట్లు, ఉలి మొన, మూడు నాలుగు సెకన్లలో పని అయిపోవాలి. ముందు ఎమరీ కాగితంతో వీపు గీకి, సోల్డర్ పూత పెట్టి, వైరు కొనకూ పూత పెట్టి, అప్పుడు రెంటినీ కలపాలి. రోజిన్ ఉన్న 60/40 సోల్డర్ చాలు. నీళ్ల పైపులకు వాడే యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి రానివ్వకండి, కొన్ని నెలల్లో కీళ్లు తినేస్తుంది.

స్ట్రింగ్స్ వేయకముందే ఆంప్‌కు కలిపి, స్విచ్ ఒక్కో స్థానంలో పెట్టి స్క్రూడ్రైవర్‌తో పోల్స్ తట్టి చూడండి. ఏ స్థానంలో ఏది పలుకుతోందో అక్కడే తేలుతుంది, మళ్లీ విప్పే బాధ తప్పుతుంది.

హమ్ ఎక్కడిది?

హమ్ పోవాలని పికప్ మార్చేవాళ్లు ఎక్కువ. వాళ్లలో కొందరి ఇళ్లలో పికప్‌కు ఆ హమ్‌తో సంబంధమే ఉండదు. స్ట్రింగ్స్ ముట్టుకుంటే బర్రుమనే చప్పుడు తగ్గితే బ్రిడ్జ్ గ్రౌండ్ సరిగ్గా ఉంది, కావిటీకి షీల్డింగ్ లేదు. రాగి ఫాయిల్ అంటించి గ్రౌండ్‌కు కలిపితే చాలావరకు పోతుంది. ముట్టుకున్నప్పుడు పెరిగితే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారయ్యాయి. ముట్టుకున్నా ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జ్‌కు వెళ్లే గ్రౌండ్ వైరు ఊడింది. పికప్ మార్చాక కొత్తగా మొదలైన హమ్‌కు తరచు ఇదే కారణం.

లాప్‌టాప్‌లోకి వాయించేటప్పుడు ఛార్జర్ పీకి చూడండి. రెండు పిన్నుల ఛార్జర్ల నుంచి కారే కొద్దిపాటి కరెంటు ఇంటర్‌ఫేస్ ద్వారా స్ట్రింగ్స్ దాకా వస్తుంది, వేళ్లకు జివ్వుమంటుంది, చప్పుడూ చేస్తుంది. ఛార్జర్ పీకగానే పోతే సమస్య అదే. సీలింగ్ ఫ్యాన్‌కు గుండ్రంగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంటే ఫ్యాన్ ఆపి చూడండి, సింగిల్ కాయిల్స్ దాని చప్పుడును బాగా పట్టుకుంటాయి.

ఆంప్ మూడు పిన్నుల ప్లగ్‌తో వచ్చినా గోడలోని మూడో రంధ్రం వెనక ఎర్త్ వైరే ఉండని ఇళ్లు ఉన్నాయి. స్ట్రింగ్స్ ముట్టుకున్నప్పుడు షాక్ కొడితే గిటార్ విప్పకండి, ఆంప్ తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి. 230 వోల్టుల దగ్గర ఏ ప్రయోగమూ వద్దు.

ఇవన్నీ చూసుకున్నాక మార్చాలనే తేలితే మార్చండి. పాత పికప్ వైర్లు మాత్రం పొట్టిగా కత్తిరించకండి. సోల్డర్ కరిగించి పూర్తి పొడవుతో తీసి, ఏది నెక్, ఏది బ్రిడ్జ్ అని కాగితం అంటించి, కొలిచిన నిరోధం, ఆ రోజు గది వేడి దాని మీద రాసి పెట్టుకోండి. కొత్తది నచ్చకపోతే పాతది మళ్లీ అదే చోట, అదే ఎత్తులో కూర్చోవాలి.